విద్యుత్ మోటారు సైకిలు - ఎన్నిక



పనికి పోవుటకును, ఆదివారము కొండదారులలో తిరుగుటకును ఒకే విద్యుత్ మోటారు సైకిలు చాలునా యని మన యువకులు అడుగుచున్నారు. వ్యాపారులము గనుక మాకు తెలిసిన లెక్క చెప్పెదము.

కామాటిపుర నుండి భివండి మరమగ్గములకు పోయి వచ్చుట సుమారు 90 కిలోమీటర్లు. రివోల్ట్ ఆర్.వి.400 బ్యాటరీ 3.24 యూనిట్లు పట్టును. కంపెనీవారు చెప్పు 150 కిలోమీటర్లు నెమ్మది నడకలోని లెక్క. రద్దీలో అంత రాదు. అయినను భివండికి సరిపోవును. బెంగుళూరువారి ఎఫ్77 పెద్దరకము 10.3 యూనిట్లు పట్టును గాని, బరువు 200 కిలోలు దాటును. బ్యాటరీ ఊడదీయుటకు వీలులేదు. మూడవ అంతస్తున కాపురమున్నవాడు దానిని ఎచ్చట ఛార్జి చేయును?

కొండదారి బండి తీరు వేరు. తేలికగా, నేలకు ఎత్తుగా, గట్లుగట్లు టైర్లతో నుండును. ఆ టైర్లు వానలో తారురోడ్డుపై పట్టు చాలక జారును, ఛార్జిని త్రాగును. మాల్షేజ్ ఘాటునకు పోయి రాగా 240 కిలోమీటర్లకు పైమాటే. ఎక్కుడులో బ్యాటరీ మరింత త్వరగా తరుగును. నంబరు లేని ఆటబండ్లను రోడ్డుపై నడుపరాదు. 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు మించని బండ్లకే రిజిస్ట్రేషను మినహాయింపు గలదు. ఈ సంగతి అమ్మువారు చెప్పరు! ఏడాదికి నాలుగుమార్లు పోవు కొండకై బండి అద్దెకు తెచ్చుకొనుటే లాభము.

ఇక అసలు సంగతి. ఊడదీయు బ్యాటరీ నిండు బిందెకు తీసిపోని బరువు. దానిని పైకి మోసి, రాత్రి తలుపువద్ద ఛార్జికి పెట్టి నిద్రించుట మన చాళ్లలో మొదలైనది. 2022 ఏప్రిలులో నిజామాబాదు, విజయవాడలలో ఇండ్లలోనే బ్యాటరీలు పేలి ప్రాణములు పోయినవి. ఆ సెప్టెంబరులో సికింద్రాబాదున క్రింది విద్యుత్ స్కూటర్ల దుకాణమున నిప్పు పుట్టి, పొగ మెట్లవెంట పైకెక్కి, లాడ్జిలోని 8 మంది మరణించిరి. వసాయిలో ఏడేండ్ల బాలుడు పోయినాడు. తరువాత ప్రభుత్వమువారు బ్యాటరీ పరీక్షలను కఠినము చేసిరి. కావున అంతకు ముందరి పాతబండి చౌకయని కొనకుడు. పాతచాళ్లకు చెక్కమెట్లు ఒక్కటే దారి గదా.

మెట్లక్రింద, నడవలో ఛార్జింగు వలదు. నేల అంతస్తున వేరు మీటరుతో స్థలము కొరకు యజమానులతోను, బెస్టువారితోను మాటలాడ సిద్ధముగ నున్నాము. బండి కొనదలచినవారు గల్లీ, చాళు, అంతస్తు వివరములు ముందుగనే మాకు తెలుపగోరెదము.