నెత్తురులో రాసి ఉందా? కీళ్లవాతం, జన్యువులు, మనం



తీరప్రాంతం యానాది కాలనీల యువత శిక్షణ తరగతిలో నేను మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్లు రాసి పెట్టమన్నారు. మాట్లాడినట్టే రాస్తా ఉండా. పేర్లు, సంవత్సరాలు మాత్రం సరిచూసి చేర్చా.

ముందు ఒక వార్త. 2025లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు దక్షిణాదిలో కొన్ని కులాల జన్యువులను చదివి ఒక పరిశోధన అచ్చేశారు. ఆంధ్రా రెడ్లలో ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నెముక వాతం ఎక్కువగా కనిపిస్తా ఉందని, దాని వెనక హెచ్‌ఎల్‌ఏ-బి27:04 అనే జన్యు రకం ఉందని చెప్పారు. ఆ వార్త మన గ్రూపుల్లోకి వచ్చినప్పుడు మన పిల్లలే కొందరు నవ్వే బొమ్మలు పెట్టారు. "పెద్దోళ్లకి కూడా నెత్తురులో రోగం ఉందంట" అని.

ఆ నవ్వు అందరికన్నా మనకే తగదు. 1871లో బ్రిటిషోళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజధానికి కూడా తగిలించారు. నెల్లూరు జిల్లాలో మన యానాదుల మీదా ఆ ముద్ర పడింది. కావలి దగ్గర కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంట్ గురించి పెద్దోళ్లని అడగండి. ఆ చట్టం అసలు మాట ఏంది? ఫలానా కడుపున పుడితే దొంగతనం నెత్తురులోనే వస్తాదని. 1952లో చట్టం పోయింది. ఊళ్లో ఏదన్నా పోతే ముందు మన కాలనీకి వచ్చే అలవాటు మాత్రం పూర్తిగా పోలేదు. "నెత్తురులో ఉంది" అనే మాటకి ఇంత బాధపడినోళ్లం, ఆ మాట ఎప్పుడు నిజమో, ఎంతవరకు నిజమో గట్టిగా తెలుసుకోవాల. నేను డిగ్రీలో బయాలజీ చదివా గనక ఆ పని నా మీద వేసుకున్నా.

మన తాతలు తోటలకీ చేలకీ కాపలా కాశారు. కాపలాదారు మొదట నేర్చుకునేది ఇంటోడెవరు, దొంగెవరు అని. మన ఒంట్లోనూ అట్టాంటి కాపలా కణాలు ఉంటాయి. అవి గుర్తుపట్టేది ఎట్టా అంటే, ప్రతి కణం లోపల ఏముందో ఒక చిన్న ముక్క తీసి బయట పట్టి చూపిస్తాది. ఆ పట్టి చూపించే చేతులే హెచ్‌ఎల్‌ఏ. వాటిని తయారుచేసే జన్యువులు 6వ క్రోమోజోమ్ మీద ఉంటాయి. మనిషికీ మనిషికీ ఇంత తేడా ఉండే జన్యువులు మన ఒంట్లో ఇంకెక్కడా లేవు. ఆ తేడా మంచిదే. ఒక జబ్బు వచ్చి ఊరంతా పోకుండా కొందరైనా నిలబడేది దానివల్లే. కాకపోతే కొన్ని రకాల చేతులున్నోళ్లలో కాపలా ఒక్కోసారి తికమకపడి ఇంటోడి మీదే కర్ర ఎత్తుతాది. కీళ్ల మీద పడితే రుమటాయిడ్ ఆర్థరైటిస్. వెన్ను మీద పడితే స్పాండిలైటిస్. చర్మం, కిడ్నీలు, అన్నిటి మీదా పడితే లూపస్. లూపస్ వచ్చే ప్రతి పదిమందిలో తొమ్మిదిమంది ఆడోళ్లే. రుమటాయిడ్ కూడా మగోళ్లకన్నా ఆడోళ్లకే రెండు మూడు రెట్లు ఎక్కువ.

బి27కీ వెన్ను వాతానికీ లంకె ఉందని 1973లోనే లండన్‌లో, లాస్ ఏంజెలిస్‌లో కనిపెట్టారు. రుమటాయిడ్‌కి ఇంకో హెచ్‌ఎల్‌ఏ జన్యువు, డిఆర్‌బి1తో ఉన్న లంకెని 1987లో వివరించారు. ఇవి కొత్త సంగతులు కాదు. కొత్తది ఏందంటే, మన దేశంలో ఒక్కో కులానికి, ఒక్కో తెగకి ఈ లెక్క వేరుగా ఉంటాదని తెలియడం. ఎందుకంటే వందల ఏళ్లుగా మనం లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకుంటా వచ్చాం. మేనరికం ఒక్కటే కాదు, ఇంటిపేరు వేరైనా అదే తెగలో చేసుకున్నా సరే, మొదట్లో ఉన్న కొద్దిమంది పూర్వీకుల జన్యువులే తిరిగి తిరిగి వస్తా ఉంటాయి. 2017లో సీసీఎంబీ తంగరాజ్, హార్వర్డ్ డేవిడ్ రైక్ బృందాలు 260కి పైగా సమూహాలను చూస్తే 81 సమూహాల్లో ఇది చానా ఎక్కువగా కనిపించింది. మన తెలుగు వైశ్యుల సంగతి ఆపరేషన్ థియేటర్లలో తెలిసిందే. వాళ్లలో కొందరికి ఒక రకం మత్తుమందు ఇస్తే కండరాలు తొందరగా తేరుకోవు. అందుకే మత్తు డాక్టర్లు ముందే అడుగుతారు. ఇక్కడ కులం అడగడం ప్రాణం కాపాడడానికి. అదే ప్రశ్న పోలీస్ స్టేషన్‌లో అడిగితే దాని అర్థం వేరు.

ఇప్పుడు అసలు మాటకి వస్తా. జన్యువు ఉంటే జబ్బు ఖాయమా?

కాదు. బి27 ఉన్న నూరుమందిలో తొంభైమందికి పైగా జీవితాంతం ఆ జబ్బు రాదు. కెనడా పడమటి తీరంలో హైడా అనే ఆదివాసులున్నారు, మనలాగే సముద్రం మీద బతికేవాళ్లు. వాళ్లలో దగ్గర దగ్గర సగం మందికి బి27 ఉంది. జబ్బు వచ్చింది మాత్రం అందులో కొద్దిమందికే. అచ్చంగా ఒకే జన్యువులున్న కవల పిల్లల్లో ఒకరికి రుమటాయిడ్ వస్తే రెండోవాళ్లకి వచ్చేది సుమారు 15 శాతం సార్లే. నాకు అన్నిటికన్నా నచ్చిన సాక్ష్యం అమెరికా అరిజోనాలోని పీమా ఆదివాసులది. రుమటాయిడ్ చానా ఎక్కువగా ఉండే జనం వాళ్లు. పాతికేళ్లు వాళ్లని గమనిస్తే కొత్తగా జబ్బు వచ్చేవాళ్లు తగ్గుతా వచ్చారని 1994లో రాశారు. పాతికేళ్లలో నెత్తురు మారలేదు కదా. బతుకులో ఏదో మారింది.

ఆ "ఏదో"లో కొన్ని మనకి తెలుసు. పొగ ఒకటి. డిఆర్‌బి1 రకం ఉండి పొగ కూడా తాగేవాళ్లలో రుమటాయిడ్ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతాదని స్వీడన్‌లో చూపించారు. బీడీలు, చుట్టలు తాగే బాబాయిలకి ఇది చెప్పండి, తిట్టినా చెప్పండి. రెండోది రాతి ధూళి. సిలికా దుమ్ము పీల్చే పనివాళ్లలో ఊపిరితిత్తుల జబ్బే కాదు, రుమటాయిడ్, లూపస్ లాంటివి కూడా ఎక్కువని చానా దేశాల్లో తేలింది. గూడూరు మైకా గనుల్లో మనోళ్లు పనిచేశారు. చిల్లకూరు, కోట వైపు సిలికా ఇసుక తవ్వుతా ఉండారు. క్రషర్ల దగ్గర ముక్కుకి తువాలు కట్టుకుని నిలబడేది ఎవరు? జన్యువుని మార్చలేం. దుమ్ముకి నీళ్లు చల్లించొచ్చు, మాస్కులు ఇప్పించొచ్చు. ఇది జబ్బు మాట, కూలి మాట కూడా.

మా పక్క కాలనీలో ఒక అక్క రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసేది. పొద్దున వేళ్లు ముడుచుకునేవి కాదు, చెంబు పట్టుకోలేకపోయేది. పదిన్నర పదకొండుకి కాస్త వదిలేది. మేస్త్రీ "వీళ్లకి ఒళ్లు వంగదు" అన్నాడు. ఇంట్లో కూడా సోమరితనం అన్నారు. ఐసులో చేతులు పెడితే అట్టాగే ఉంటాది అన్నాడు ఒక డాక్టరు. రెండేళ్లకి పేరు తెలిసింది, రుమటాయిడ్ అని. అప్పటికి వేళ్లు పక్కకి తిరిగిపోయాయి. ఈ జబ్బులో మొదటి నెలలే ముఖ్యం. ఆలస్యమైతే ఎముక అరిగిపోతాది, మళ్లీ రాదు.

అందుకే గుర్తులు రాసుకోండి. పనివల్ల వచ్చే నొప్పి పని చేస్తే పెరుగుతాది, పడుకుంటే తగ్గుతాది. ఇది తిరగబడి ఉంటాది. రాత్రి తెల్లవారుజామున నొప్పి, లేవగానే అరగంట గంట బిగుసుకుపోవడం, కదిలే కొద్దీ వదలడం. చేతి వేళ్ల మొదళ్లు, మణికట్టు రెండు పక్కలా వాచడం, ఆరు వారాలైనా పోకపోవడం. నలభై ఐదేళ్లు నిండకముందే మొదలై మూణ్ణెల్లు దాటిన నడుం నొప్పి. ఆడపిల్లలకి ముఖం మీద, బుగ్గలకి అడ్డంగా ఎర్ర మచ్చ, విడవని జ్వరం. వీటిలో ఏది కనిపించినా రుమటాలజీ డాక్టర్ దగ్గరికి పంపమని అడగండి. హైదరాబాద్ నిమ్స్‌లో దానికి ప్రత్యేక విభాగం ఉంది. ఊళ్లో వేసే సూదితో రాత్రికి రాత్రి వాపు పోతే సంబరపడకండి, అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. వాపు పోయినా జబ్బు లోపల ఉంటాది. డాక్టర్ మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజే మింగే మాత్ర. ఖరీదు తక్కువ, పని ఎక్కువ. రోజూ మింగితే మాత్రం ప్రాణం మీదికి వస్తాది. కడుపుతో ఉన్నోళ్లు వాడకూడదు. చదువురాని అమ్మలకి క్యాలెండర్ మీద ఆ వారం గీత గీసి ఇవ్వడం మనం చేయగలిగిన పని.

చివరగా, మన నెత్తురు సంగతి. యూరప్‌లో రుమటాయిడ్‌కి పెద్ద గుర్తుగా చెప్పే పిటిపిఎన్22 అనే జన్యు మార్పు మన దేశంలో చానా అరుదు. అంటే వాళ్ల లెక్కలు మనకి చాలవు, మనల్ని కూడా చదవాల. నేను దానికి వ్యతిరేకిని కాదు, కావాలనే అంటా. అయితే ఎట్టా చదవాల? 2009లో ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా ప్రయోగం జరిగినప్పుడు ఆదివాసీ ఆడపిల్లల తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. అమెరికాలో హవాసుపాయి ఆదివాసులు షుగర్ పరిశోధనకని రక్తం ఇస్తే దాన్ని మానసిక జబ్బుల మీద, వాళ్ల వలస చరిత్ర మీద కూడా వాడారు. వాళ్లు కోర్టుకెళ్లారు. 2010లో విశ్వవిద్యాలయం డబ్బు చెల్లించి, మిగిలిన రక్తం తిరిగి ఇచ్చింది. ఆ నెత్తురుని వాళ్లు తమ లోయకి తెచ్చుకున్నారు.

మన దగ్గర 2017 ఐసీఎంఆర్ నియమాలున్నాయి. కులపెద్ద ఒప్పుకున్నా సరే, ఎవరి రక్తానికి వాళ్లే ఒప్పుకోవాల. రేపు ఎవరైనా మన కాలనీకి సిరంజి పట్టుకొస్తే కుర్చీ వేయండి, మజ్జిగివ్వండి. కాగితం తెలుగులో చదివి వినిపించమనండి. ఏ జబ్బు కోసం, ఎన్నేళ్లు దాస్తారు, ఇంకెవరికైనా ఇస్తారా, ఫలితం మాకు ఎప్పుడు చెప్తారు, జబ్బు బయటపడితే వైద్యం ఎవరిది? జవాబులు ఆ కాగితం మీదే రాయించి, ఒక కాపీ కాలనీలో పెట్టుకోండి.