మెస్ కోటు, మన బ్లేజరు

(స్వర్ణోత్సవ సన్నాహక సమావేశంలో చేసిన ప్రసంగం)

 

జూబిలీ విందుకు అందరం ఒకే రంగు బ్లేజర్లు కుట్టించుకుందామని కమిటీలో మాట వచ్చింది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఆఫీసర్ల మెస్‌లో 11 ఏళ్ళు పనిచేసినవాణ్ణి కదా, విందు దుస్తుల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

ఫ్రెంచివాళ్ళు దండెత్తి వస్తారన్న భయంతో 1794లో బ్రిటన్‌లో యోమన్రీ అనే స్వచ్ఛంద గుర్రపు దళాలు మొదలయ్యాయి. ఆఫీసర్లు ఎక్కువగా భూస్వాములు. తర్వాతి కాలంలో రాత్రి విందుకు వాళ్ళు వేసుకున్నది మెస్ డ్రెస్. నడుము దగ్గరే ఆగిపోయే పొట్టి కోటు, జరీ పట్టీల వెయిస్ట్‌కోటు, కాలికి అతుక్కున్న ప్యాంటు, బూటు మడమకు గుర్రాన్ని అదిలించే ముల్లు. భోజనానికి ముల్లెందుకని అడక్కండి, రౌతు రౌతే!

ఆ పొట్టి కోటు పుట్టింది గుర్రపుశాలలో. గుర్రానికి మాలీషు చేసేటప్పుడు అడ్డం రాకుండా పొట్టిగా కుట్టిన పనికోటు అది. జరీ తర్వాత ఎక్కింది. మన దేశపు ఎండలకు తెల్లకోటు కుట్టించుకుని, వెయిస్ట్‌కోటు మానేసి, నడుముకు కమర్‌బంద్ చుట్టారు. మన తాతలు కట్టిన దట్టీ లాంటిదే. పారసీ మాట, ఇక్కణ్ణుంచే ఇంగ్లీషుకెక్కింది.

1896లో హైదరాబాదు వచ్చి గోల్కొండ కప్పు పోలో గెలిచిన జట్టులో ఆడిన చర్చిల్ కూడా 1902లో ఆక్స్‌ఫర్డ్‌షైర్ యోమన్రీలో కెప్టెనయ్యాడు.

ఇక అసలు సంగతి. ఆ దుస్తుల ఖర్చు చాలావరకు ఆఫీసరుదే. స్వారీ ఎంత బాగా వచ్చినా, దర్జీ బిల్లు కట్టలేనివాడికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేనట్టే.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పంద్రాగస్టుకు పిల్లలంతా తెల్ల చొక్కాలు వేసుకున్నారు. నాకు లేదు. రావద్దని ఎవరూ అనలేదు, నేనే వెళ్ళలేదు. చెరువు కట్ట మీద కూర్చుని జనగణమన విన్నాను. చాక్లెట్ల సంగతి తమ్ముడు వచ్చి చెప్పాడు.

కాబట్టి కమిటీ వారికి నా మనవి. బ్లేజరు కుట్టించుకునేవాళ్ళు సంతోషంగా కుట్టించుకోండి. ఆహ్వానపత్రం మీద 'తప్పనిసరి' అన్న మాట మాత్రం వేయించకండి. పాపకొల్లులో పత్తి చేను దిగి నేరుగా బస్సెక్కి వచ్చే మన బ్యాచ్ వాళ్ళు కనీసం నలుగురున్నారు. వాళ్ళ పక్కన నాకో కుర్చీ వేయండి. నేను తెల్ల చొక్కాతో వస్తాను.