రచ్చ ఇంట్లోకి వచ్చినప్పుడు: బంగ్లాదేశ్ తొలి ప్రభుత్వం, 1972–75



1971 డిసెంబరులో ఈ విశాఖపట్నంలో మేం పిల్లలం. చీకటి పడితే దీపాలు ఆర్పేసేవాళ్లు. కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అంటించేవాళ్లం. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన తీరానికి దగ్గర్లోనే మునిగిపోయిందని ఊళ్లో ఎక్కడ చూసినా అదే మాట. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయి, బంగ్లాదేశ్ విముక్తమైంది. ఆ వారంలోనే ఒకరోజు, ఇవాళ మనం ఎవరి పేరిట ఇక్కడ కూర్చున్నామో ఆ మాస్టారు ఖాళీ గోనెసంచి ఒకటి తెచ్చి తరగతిలో బల్ల మీద పరిచారు. "యుద్ధం అయిపోయింది. ఈ నార పండించే దేశం ఇక ఎలా బతుకుతుందో చూస్తూ ఉండండర్రా" అన్నారు. అప్పుడు మాకు అర్థం కాలేదు.

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు మన పెద్దలు. కొత్త దేశంలో మొదటి ప్రభుత్వానికి ఆ వరస కుదరదు. గడప కట్టుకోకముందే రచ్చ వచ్చి వంటింట్లో కూర్చుంటుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

1972 జనవరి 10న బంగ్లాదేశ్ స్వాతంత్ర్యోద్యమ నాయకుడు షేక్ ముజీబుర్ రెహ్మాన్ పాకిస్తాన్ చెర నుంచి విడుదలై, లండన్, ఢిల్లీల మీదుగా ఢాకా చేరారు. రెండు రోజులకు ప్రధాని అయ్యారు. అప్పటికి పద్మానది మీద హార్డింజ్ రైలు వంతెన తెగిపడి ఉంది. చిట్టగాంగ్ రేవులో మైన్లు, మునిగిన ఓడలు. ఆ ఓడల్లో కొన్నిటిని ముంచింది విముక్తి పోరాటదళమైన ముక్తివాహిని కుర్రాళ్లే. పాక్ సైన్యానికి సరఫరాలు అందకూడదని 1971 ఆగస్టులో రాత్రివేళ ఈదుకుంటూ వెళ్లి, ఓడల అడుగున మైన్లు అంటించి వచ్చారు. స్వాతంత్ర్యం కోసం మూసిన రేవును ఇప్పుడు తిండిగింజల కోసం తెరవాలి. సోవియట్ నౌకాదళం వచ్చి ఆ పని మొదలుపెడితే 1974 దాకా పట్టింది.

భారతదేశానికి తరలివచ్చిన దాదాపు కోటిమంది శరణార్థులు తిరుగుముఖం పట్టారు. ఇళ్లు కాలిపోయినవాళ్లు, ఎడ్లు పోయినవాళ్లు, విత్తనాలు లేనివాళ్లు. కుర్రాళ్ల చేతుల్లో తుపాకులు. టాంగైల్‌లో కాదర్ సిద్దిఖీ దళం జనవరి 24న ముజీబ్ ముందు ఆయుధాలు పెట్టింది కానీ, అందరూ అలా పెట్టలేదు. సొంత కరెన్సీ నోట్లు మార్చి 4న గానీ జనం చేతికి రాలేదు. అదే మార్చిలో భారత సైన్యం వెనుదిరిగింది. విముక్తి చేయడానికి వచ్చిన సైన్యం మూడు నెలల్లో వెళ్లిపోవడం లోకంలో అరుదు. దాన్ని పట్టుబట్టి సాధించడం ముజీబ్ ఘనత అని నా అభిప్రాయం. ఏడాది తిరక్కుండా, నవంబరు 4న, రాజ్యాంగం కూడా ఆమోదించుకున్నారు. కానీ అందులో పౌరులందరినీ బెంగాలీలనే అన్నారు. చిట్టగాంగ్ కొండల నుంచి ఎన్నికైన మానవేంద్ర నారాయణ్ లార్మా లేచి, తాను చక్మా తెగవాడినని, తన తాతముత్తాతల్లో ఎవరూ బెంగాలీలు కారని చెప్పి రాజ్యాంగసభ నుంచి వెళ్లిపోయారు. భాష కోసం ప్రాణాలిచ్చి పుట్టిన దేశం ఆ మనిషి మాట విని ఉండాల్సింది.

ఇక బయటి సంగతి. ఐక్యరాజ్యసమితిలో చేరడానికి దరఖాస్తు పెడితే 1972 ఆగస్టు 25న చైనా వీటో చేసింది. భద్రతామండలిలో కమ్యూనిస్టు చైనా వాడిన తొలి వీటో అది. దాని వెనుక ఉన్నది భారత్ చేతిలో చిక్కిన దాదాపు 93,000 మంది పాకిస్తానీ ఖైదీల వ్యవహారం. వాళ్లలో 195 మందిని యుద్ధనేరాలకు విచారించి తీరతామని ముజీబ్ తన ప్రజలకు మాటిచ్చారు. భర్తను, కొడుకును పోగొట్టుకున్న తల్లులకు ఇచ్చిన మాట అది. అంతర్జాతీయ గుర్తింపు కావాలంటే ఆ మాట వదులుకోక తప్పలేదు. 1974 ఫిబ్రవరి 22న పాకిస్తాన్ బంగ్లాదేశ్‌ను గుర్తించింది. ఏప్రిల్‌లో ఢిల్లీలో మూడు దేశాల ఒప్పందం కుదిరి, విచారణ ఆగిపోయింది. సెప్టెంబరు 17న సమితిలో సభ్యత్వం దక్కింది. 25న ముజీబ్ ఆ సభలో బెంగాలీలో ప్రసంగించారు. మాతృభాష మీద మమకారం ఉన్న ఎవరికైనా ఆ దృశ్యం తలుచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

అదే వారాల్లో రంగపూర్ జిల్లాలో మనుషులు ఆకలితో రోడ్ల పక్కన పడి చనిపోతున్నారు.

ఇక్కడికి వచ్చింది మాస్టారి గోనెసంచి. అప్పట్లో బంగ్లాదేశ్ ఎగుమతుల్లో సింహభాగం జనపనార, దాంతో చేసిన సరుకే. ప్రభుత్వ జనపనార మిల్లుల సంస్థ క్యూబాకు సుమారు 40 లక్షల గోనెసంచులు అమ్మింది. పీఎల్ 480 అనే ఆహారసాయ చట్టం కింద అమెరికా ఇచ్చే ధాన్యానికి అప్పట్లో ఒక షరతు ఉండేది: క్యూబాతో వ్యాపారం చేసే దేశానికి ఇవ్వకూడదు. 1974 వేసవిలో అమెరికా ఆ షరతు గుర్తుచేసింది. ఢాకా ప్రభుత్వం క్యూబాకు సంచులు పంపడం మానుకుంది. అయినా ధాన్యం వచ్చేసరికి ఆలస్యమైంది. అంతలో బ్రహ్మపుత్ర పొంగి పొలాలు ముంచింది. కూలీలకు పని పోయింది. బియ్యం ధర రోజురోజుకూ ఎగబాకింది. అంతకుముందు ఏడాది చమురు ధరలు పెరగడంతో బయటి నుంచి ధాన్యం కొనితెచ్చుకునే తాహతు ఖజానాకు లేదు. ప్రభుత్వం ఊరూరా లంగర్‌ఖానాలు తెరిచింది. మన గంజికేంద్రాల్లాంటివవి. సుమారు ఆరువేల కేంద్రాల్లో నలభై లక్షల మందికి పైగా వరసకట్టారు. సర్కారు లెక్కలో చావులు 26,000. మిగతావాళ్ల అంచనాలు అంతకు ఎన్నో రెట్లు. అమెరికా ధాన్యం చేరేటప్పటికి కొత్తపంట కోతకొచ్చి, కరువు తగ్గుముఖం పట్టింది.

తప్పంతా బయటివాళ్లదే అనలేను. ఆ ఏడాది తలసరి బియ్యం లభ్యత ముందు వెనుక సంవత్సరాల కంటే తక్కువేమీ కాదని ఆర్థికవేత్త అమర్త్య సేన్ తర్వాత లెక్కలు తీసి చూపించారు. గింజలు ఉన్నాయి, కూలివాడి చేతిలో వాటిని కొనే డబ్బు లేదు. రేషన్ మాత్రం ముందు పట్నాలకు అందేది. సంఘటితంగా ఉన్న పట్నవాసులకు కోపం వస్తే ప్రభుత్వం పడిపోతుందన్న భయం. రంగపూర్ కూలివాడి నోటికి ఢాకాలో వినపడేంత గొంతు లేదు. ఒంటరి మనిషి ఆకలిని లెక్కచేయకపోవడం ఆ ప్రభుత్వం చేసిన పెద్ద తప్పు. రెండో తప్పు 1975 జనవరిలో దేశాన్ని ఏకపార్టీ పాలనలోకి నెట్టడం.

ఈ మొత్తంలో నన్ను విడవకుండా వెంటాడేది తాజుద్దీన్ అహ్మద్. ముజీబ్ చెరలో ఉన్న తొమ్మిది నెలలూ ప్రవాస ప్రభుత్వాన్ని ప్రధానిగా నడిపింది ఆయనే. 1971 ఏప్రిల్ 17న సరిహద్దు పక్క మామిడితోటలో ప్రమాణం చేశారు. కలకత్తా థియేటర్ రోడ్డులో ఆఫీసు పక్క గదిలోనే పడుకునేవారు. దేశం విముక్తమయ్యేదాకా కుటుంబంతో కలిసి ఉండనని ఒట్టు పెట్టుకున్నారు. బట్టలు తానే ఉతుక్కునేవారు. ముజీబ్ రాగానే ప్రధాని పదవి ఆయనకు అప్పగించి ఆర్థికమంత్రి అయ్యారు. పరాయి సాయం మీద ఆధారపడకూడదని మొదట గట్టిగా అన్న మనిషే, చివరికి దాతల గుమ్మాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. కరువు ముదిరిన 1974 అక్టోబరులో, ముజీబ్ కోరిక మీద రాజీనామా చేశారు.

1975 ఆగస్టు 15న ముజీబ్‌ను ఇంట్లోనే, కుటుంబంతో సహా, సైనికాధికారులు చంపారు. నవంబరు 3న ఢాకా జైల్లో తాజుద్దీన్‌నూ మరో ముగ్గురు సహచరులనూ కాల్చేశారు. యుద్ధం ఎలా నడిపావు, ఆ తొమ్మిది నెలలు ఎలా గడిచాయి అని ముజీబ్ తనను ఒక్కసారైనా అడగలేదని తాజుద్దీన్ బాధపడేవారట. ఆయన దగ్గరివాళ్లు ఈ మాట రాసిపెట్టారు.