మరణానంతరము : యూదుల విశ్వాసములు

గడ్డపోతారము వంటి పారిశ్రామిక ప్రాంతమున నివసించువారికి ఈ దృశ్యము క్రొత్తది కాదు. దూరప్రాంతమునుండి పనికి వచ్చిన కార్మికుడొకడు ఇచ్చట మరణించును. తల్లిదండ్రులు, జ్ఞాతులు ఎక్కడనో వేయి మైళ్ల దూరమున నుందురు. శవమునకు స్నానము చేయించువారెవరు, తలవైపు దీపముంచువారెవరు, కర్మ జరుగవలసిన దినమున అతని పేరు తలచువారెవరు అను ప్రశ్న తోడి కార్మికులకు కలుగును. పోయినవానికి ఇక దేనితోను పని లేదని తర్కము చెప్పును. అయినను ఆ ప్రశ్నను ఎవరును త్రోసివేయజాలరు. చనిపోయినవానికిని బ్రదికియున్నవానికిని నడుమ ఏదో ఋణము మిగిలియున్నదని అందరికిని తోచును.

శ్రోతలారా! ఈ ఋణమును గూర్చి రెండువేల సంవత్సరములకు పైగా ఆలోచించుచు వచ్చిన జాతులలో యూదజాతి యొకటి. వారి ఆలోచనకు మన తెలుగునేలతో కూడ కొంత సంబంధము కలదు.

గడ్డపోతారమునుండి గోలకొండ కోటకు ఒక పూట ప్రయాణము కూడ లేదు. ఆ కోటనుండి అబ్దుల్లా కుతుబ్ షా 1626 మొదలు 1672 వరకు రాజ్యమేలెను. ఆ కాలమున సర్మద్ అను ఫకీరు హైదరాబాదునకు వచ్చి నివసించెను. ఇరాను దేశమందలి కాషాను ఆయన స్వస్థలము. యూద కుటుంబమున జన్మించి, పిమ్మట ఇస్లామును స్వీకరించి, వర్తకుడై సింధునకు వచ్చి, అచ్చట సర్వమును విడిచి విరాగియైనవాడు. ప్రపంచమతములను వర్ణించు “దబిస్తాన్” అను పారసీక గ్రంథమును రచించిన పండితుడు 1647లో హైదరాబాదునందే సర్మద్‌ను కలిసికొనెను. ఆ గ్రంథమందలి యూదమత ప్రకరణమునకు సర్మద్ మాటలే ఆధారము. ఆయన శిష్యుడైన అభయ్ చంద్ అను హిందూ యువకుడు యూదుల ధర్మగ్రంథమగు తోరా యొక్క తొలిభాగమును పారసీకమున అనువదింపగా, అదియు ఆ ప్రకరణమున చేర్పబడినది. యూదుల పరలోకభావన మన రాజధానిలో పండితచర్చకు వచ్చుటకు ఇట్లొక సన్నివేశము ఏర్పడినది.

సర్మద్ చెప్పినట్లు అందు వ్రాయబడిన విషయమొకటి విచిత్రమైనది. మనుష్యుని పూర్ణాయువు 120 సంవత్సరములు, అదియొక పగలు. మరణముతో రాత్రి వచ్చును. ఆ రాత్రియు అంతటిదే. అది గడచిన పిమ్మట మరల తెల్లవారును. ఇది యూదాచార్యుల సామాన్యబోధ కాదు. ఒక విరాగి మనస్సున పలు మతముల భావములు కలిసిన ఫలము కావచ్చును. అయినను మరణమును రాత్రిగాను, పునరుత్థానమును మేల్కొనుటగాను తలచుట యూదసంప్రదాయమున ప్రాచీనమైనదే.

ఆ సంప్రదాయముయొక్క మొదటి దశలో స్వర్గనరకముల ప్రసక్తి అంతగా లేదు. హీబ్రూ బైబిలులోని పూర్వభాగములయందు మృతులు పోవు స్థలమునకు “షెయోల్” అని పేరు. అది భూమి క్రిందనుండు చీకటి ప్రదేశము. రాజును దాసుడును, మంచివాడును చెడ్డవాడును అచ్చటికే పోవుదురు. అచ్చట శిక్ష లేదు, సుఖము లేదు. నీడవంటి ఉనికి మాత్రము కలదు. సౌలు రాజు మారువేషమున ఏన్దోరు గ్రామమునకు పోయి, ఒక స్త్రీచే చనిపోయిన సమూయేలు ప్రవక్తను రప్పించుకొనిన కథ సమూయేలు గ్రంథమున కలదు. ధర్మమునకు ఫలము ఈ లోకమునందే, సంతానరూపముననో పంటల రూపముననో లభించునని అప్పటి విశ్వాసము.

అయితే క్రీస్తుపూర్వము 167 ప్రాంతమున ఈ విశ్వాసమునకు గొప్ప పరీక్ష వచ్చినది. సిరియా రాజైన నాల్గవ ఆంటియోకసు యూదుల ఆచారములను నిషేధించెను. ధర్మమును విడువనివారే ప్రాణములు కోల్పోయిరి. విడిచినవారు సుఖముగా నుండిరి. ధర్మఫలము ఈ లోకముననే లభించునన్నచో, ఈ మృతులకు న్యాయమెక్కడ? ఆ సంక్షోభకాలమున రూపొందినదని పండితులు తలచు దానియేలు గ్రంథమున, మంటిలో నిద్రించువారు అనేకులు మేల్కొందురను బోధ స్పష్టముగా కానవచ్చును. పునరుత్థానభావన అంతకు ముందు అచ్చటచ్చట సూచితమైయుండినను, దానికి బలము చేకూర్చినది అన్యాయముగా చనిపోయినవారిని గూర్చిన ఈ వేదనయే.

పిమ్మట యూదులలో రెండు పక్షములేర్పడినవి. దేవాలయార్చకులతో సన్నిహితులగు సద్దూకయ్యులు పునరుత్థానమును అంగీకరింపలేదు. పరిసయ్యులు అంగీకరించిరి. క్రీ.శ. 70లో రోమనులు యెరూషలేము దేవాలయమును నాశనము చేయగా సద్దూకయ్యుల పక్షము క్షీణించినది. పరిసయ్యుల మార్గముననుసరించిన ఆచార్యులు సుమారు 200లో సంకలనమైన “మిష్నా” యందు, ఇశ్రాయేలు జనులకెల్ల రాబోవు లోకమున భాగమున్నదని చెప్పి, పునరుత్థానమును కాదనువారికి మాత్రము ఆ భాగము లేదనిరి. ఇతర జాతులలోని ధర్మాత్ములకును ఆ లోకమున చోటు కలదను పక్షమే క్రమముగా స్థిరపడినది.

నరకమును గూర్చి వీరి భావన గమనింపదగినది. యెరూషలేమునకు దక్షిణమున హిన్నోము లోయ కలదు. దాని పేరే శిక్షాస్థలమునకు వచ్చినది. కాని పాపులకు అచ్చట విధింపబడు శిక్ష 12 మాసములకు మించదని మిష్నా మతము. ఆ అగ్ని మలినమును కడుగుటకే. పిమ్మట ముక్తి కలుగును. ఈ గడువునుండియే యొక సుకుమారమైన ఆచారము పుట్టినది. తండ్రియో తల్లియో చనిపోయినప్పుడు కుమారుడు “కద్దిష్” అను స్తోత్రమును ప్రతిదినము సమాజమందిరమున పఠించును. దుర్మార్గునకు శిక్ష 12 మాసములు గనుక, పండ్రెండవ మాసమున కూడ పఠించినచో తన తండ్రి దుర్మార్గుడని తానే చాటినట్లగును. కావున 11 మాసములకే ఆపివేయును. కన్నవారి గౌరవమును కాపాడుటకు ఒక్క మాసము తగ్గించుకొనిన ఈ సున్నితత్వము ఆబ్దికములు పెట్టు మనకు తెలియరానిది కాదు.

కద్దిష్ స్తోత్రమున మరణమను మాటయే లేదు. అది దేవుని నామమును కీర్తించు స్తుతి. అయితే దానిని ఒంటరిగా చదువరాదు, పదిమంది కూడవలెను. పూర్వాచారము ప్రకారము వారు పదిమంది పురుషులు. నేడు కొన్ని శాఖలలో స్త్రీలను కూడ లెక్కింతురు. దుఃఖితుడు ఇంటి తలుపు మూసికొనక పదిమంది నడుమకు రావలెను. ఆ పదిమందియు అతనికొరకు లేచి రావలెను.

తత్త్వవేత్తలలో 12వ శతాబ్దివాడైన మైమొనిడీసు ప్రముఖుడు. ఆయన పునరుత్థానమును తన 13 మూలసూత్రములలో కడపటిదిగా చేర్చెను. కాని పరమసుఖము శరీరరహితమైన జ్ఞానానందమని వ్రాయుటచే, ఆయన పునరుత్థానమును నమ్మడేమోయని కొందరు సందేహించిరి. ఆ సందేహమును తీర్చుటకు 1191లో ఆయన ప్రత్యేకముగా నొక గ్రంథము వ్రాయవలసివచ్చెను.

మరియొక వంక పునర్జన్మవాదము కూడ యూదులలో ప్రవేశించినది. 10వ శతాబ్దియందలి సాదియా అను ఆచార్యుడు దానిని ఖండించెను. అయినను 12వ శతాబ్దినుండి “కబ్బాలా” అను రహస్యవిద్యను అనుసరించినవారు దానిని ఆదరించిరి. 16వ శతాబ్దిలో సఫేదు నగరమున నుండిన ఐజాక్ లూరియా బోధలలో అది ప్రధానమైనది. దానికి “గిల్గుల్” అని పేరు. చక్రమువలె తిరుగుట అని అర్థము. మన జన్మచక్రమును తలపించు ఈ మాట వినినప్పుడు మానవుల ఆలోచనలు ఎంత దూరమునుండియైనను ఒకచోటికి చేరునని తోచును. ఆధునికులలో వేరొక మార్గము కూడ కలదు. 1885లో అమెరికాయందలి పిట్స్‌బర్గు నగరమున సమావేశమైన సంస్కరణవాద ఆచార్యులు శరీరపునరుత్థానమును విడిచి, ఆత్మ అమరమను విశ్వాసమును మాత్రము నిలుపుకొనిరి.

ఇక తెలుగువారిలోనే యూదధర్మమును అవలంబించినవారు కలరు. గుంటూరు జిల్లా చేబ్రోలు సమీపమందలి కొత్తరెడ్డిపాలెమున “బెనె ఎఫ్రాయిము” సమాజమువారి ప్రార్థనామందిరము 1991లో వెలసినది. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అను సోదరులు దీనికి మార్గదర్శకులు. మాదిగ కుటుంబములనుండి వచ్చిన ఈ సమాజమువారు తాము ఇశ్రాయేలీయుల పదిగోత్రములలో చెదరిపోయిన ఎఫ్రాయిము గోత్రమువారమని విశ్వసింతురు. యూలియా యెగొరోవా, షాహిద్ పర్వేజ్ అను పరిశోధకులు వీరినిగూర్చి 2013లో ఒక గ్రంథము ప్రకటించిరి. వంశమును నిరూపించు ప్రాచీనలిఖితములు లేవు. ఈశాన్యభారతమందలి బ్నే మెనషే వారికి 2005లో ఇశ్రాయేలు ప్రధానమతాచార్యులనుండి లభించిన గుర్తింపు వీరికి లభింపలేదు.

వంశవిచారమును చరిత్రకారులకు విడుతము. నాకు ముఖ్యముగా తోచునది వేరు. తరతరములుగా ఈ నేలపై కొందరితో, మీ హీనస్థితి పూర్వజన్మపాపఫలమని చెప్పుచు వచ్చిరి. ఆ మాటచే మరణానంతరవిశ్వాసము కూడ బ్రదికియున్నవారిని అణచు సాధనమైనది. అట్టి వాడలో పుట్టినవాడు, ఆ సమాజములో చేరిన ప్రతివానికిని రాబోవు లోకమున భాగమున్నదను బోధను చేపట్టినచో, దానిలో పరలోకాశతోపాటు ఇహలోకమందలి గౌరవమును గూర్చిన ఆకాంక్ష కూడ ఉండుట సహజము. ఆంటియోకసు కాలపు ప్రశ్నకును ఈ ప్రశ్నకును మూలమొకటే: అన్యాయమునకు గురియైనవానికి లెక్క ఎచ్చట సరిపడును?

కడపట నొక సమాధిని తలచుకొందము. 17వ శతాబ్దిలో జాక్ ద పైవా అను యూదవర్తకుడు వజ్రవ్యాపారమునకై చెన్నపట్టణము చేరి, అచ్చటి పెద్దనాయకనపేటలో తనవారికొక శ్మశానవాటికను ఏర్పరచెను. గోలకొండ గనులను చూచివచ్చిన పిమ్మట 1687లో మరణించి, తాను ఏర్పరచిన ఆ వాటికలోనే ఖననము చేయబడెను. గోలకొండ రాజ్యము మొగలుల వశమైనదియు ఆ సంవత్సరమే. పరదేశమున అడుగిడినవారు తమకు ఇండ్లతోపాటు శ్మశానమును కూడ సమకూర్చుకొనుట యూదుల కట్టుబాటు. ఆ స్థలమునకు వారు హీబ్రూ భాషలో పెట్టిన పేరు “జీవగృహము” అని అర్థమిచ్చును.

శవమునకు స్నానము చేయించి, జేబులులేని తెల్లని వస్త్రమును కప్పి సాగనంపుట వారి మతమున అత్యున్నతమైన ఉపకారము. ఏలయన, దానిని పొందినవాడు ప్రత్యుపకారము చేయజాలడు. పరలోకమును గూర్చి వారి పండితులు రెండువేల సంవత్సరములు వాదించుకొనిరి. నేటికిని ఏకాభిప్రాయము లేదు. కాని మృతుని ఒంటరిగా విడువరాదని, దుఃఖితుని చుట్టు పదిమంది నిలువవలెనని చెప్పుటలో భేదాభిప్రాయము లేదు. మన గడ్డపోతారమున రేపు ఎవరో పరప్రాంతీయుడు కన్నుమూసినచో, అతని మతమేదియని విచారించుటకు ముందు ఆ పదిమందిలో మనమొకరము కాగలమా అని విచారించుకొందము.