స్టేషన్ చలి వేరు, నారుమడి చలి వేరు
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆదిలాబాద్‌లో జనవరి కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మనకు కొత్త కాదు. కానీ వాతావరణ కేంద్రంలో థర్మామీటరు నేలకు దాదాపు 4 అడుగుల ఎత్తున, తెల్లటి పెట్టెలో ఉంటుంది. మబ్బూ గాలీ లేని రాత్రి నేల తన వేడినంతా వదిలేస్తుంది. అప్పుడు మొలకల దగ్గర చలి ఆ అంకె చెప్పేదానికన్నా ఎక్కువ. యాసంగి నారు పసుపెక్కి, ఎదగక చచ్చేది అందుకే.

రాత్రి నారుమడిపై పాలిథిన్ పట్టా కప్పి, పొద్దున తీయండి. చల్లబడిన నీళ్లు ఉదయమే తీసేసి, వెచ్చగా ఉండే బోరు నీళ్లు పెట్టండి.

నారు పోతే విత్తనం, దుక్కి ఖర్చు మళ్లీ రైతు మీదే. అదనూ పోతుంది. కాబట్టి స్టేషన్ అంకె ఒక్కటే చూసి నష్టం లేదనొద్దు. అధికారులు మడి గట్టు దాకా వచ్చి చూడాలి. ఇదే మన డిమాండ్.