ఒంటరి తెరచాప



పడవ పందెమనగానే పదిమంది వరుసగా కూర్చుండి తెడ్లు వేయుట మన కన్నులకు కట్టును. నేటి ప్రసంగ విషయము అది కాదు. ఒకే బాలుడు గాని బాలిక గాని చిన్న తెరచాప పడవలో కూర్చుండి, ఒక చేత చుక్కాని పిడిని, రెండవ చేత తెరచాప త్రాటిని పట్టుకొని గాలి బలముతోనే నడుపు పందెమిది. యంత్రము లేదు. ప్రక్కన సలహా చెప్పువాడును లేడు.

ఇట్టి పడవలలో పిల్లలకై పుట్టినది ఆప్టిమిస్ట్. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ దీనిని రూపొందించెను. పొడవు ఎనిమిది అడుగులకు లోపు. బరువు 35 కిలోలు. చూచుటకు మూతలేని పెట్టెవలె నుండును! 15 ఏండ్ల వరకు పిల్లలు దీనిపై పోటీ చేయుదురు. తరువాతది లేజర్, ఇప్పుడు దానిని ఇల్కా అనుచున్నారు.

గాలికి ఎదురుగా ఏ తెరచాప పడవయు నేరుగా పోజాలదు. ఇంచుమించు 45 డిగ్రీల ఓరగా, ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు, కొండదారివలె మలుపులు తిరుగుచు పోవలెను. నడుమ నుండి నీటిలోనికి దించిన పలక పడవను ప్రక్కకు కొట్టుకొని పోనీయదు. గాలి హెచ్చినపుడు పిల్లవాడు అంచున కూర్చుండి, వెనుకకు వ్రాలి, తన బరువుతోనే పడవను నిలుపును. పడవ తలక్రిందులైనచో ఆ పలకపైకెక్కి తానే సరిచేయవలెను. లైఫ్ జాకెట్ తొడిగించి మొదట నేర్పు పాఠములలో ఇది యొకటి.

నియమములును గట్టివే. ఎడమనుండి గాలి తగులు పడవ, కుడినుండి గాలి తగులు పడవకు దారి ఈయవలెను. తప్పినవాడు తానే తొలగి, రెండు చుట్లు తిరిగి, పిమ్మట పందెమున కలియవలెను. ఈల వేయువాడు ప్రతిచోట ఉండడు.

ఇది పరదేశపు వింత యనువారు బారువ, భావనపాడు, కళింగపట్నము, చింతపల్లి తీరములలోని పెద్దలను అడుగవలెను. దుంగలు కలిపి కట్టిన తెప్పపై తెరచాప ఎత్తి, తెల్లవారుజామున నేలగాలితో సముద్రములోనికి పోయి, మధ్యాహ్నము కడలిగాలితో తిరిగివచ్చుట వారి నిత్యకృత్యము. తెప్ప జారకుండ పలక దించుటయు వారెరిగినదే. ఆంగ్లేయుల ‘కాటమరాన్’ అను మాటయే తమిళుల కట్టుమరము నుండి పోయినది. ఇంజను పడవలు వచ్చిన పిమ్మట తెరచాప మూలబడినది. అందుకు ఎవరిని తప్పుపట్టగలము? ఇంజను ఒడలి కష్టము తగ్గించినది. కాని గాలిని పోల్చుకొను నేర్పు తాతలతోనే పోవుచున్నది.

విచిత్రమేమనగా, సముద్రము లేనిచోట ఈ విద్య పెరుగుచున్నది. హైదరాబాదు హుస్సేన్ సాగరముపై యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ 2009 నుండి పిల్లలకు నేర్పుచున్నది. పేదయిండ్ల పిల్లలును అందున్నారు. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో బాలికల ఇల్కా-4 పందెమున రజత పతకము గెలిచిన నేహా ఠాకుర్ మధ్యప్రదేశపు రైతుబిడ్డ. ఆమె అభ్యసించినది భోపాల్ చెరువుపై!

తెలుగు ఆడపడుచులకు ధైర్యము తక్కువ కాదు. 2017 సెప్టెంబరులో గోవానుండి తారిణి అను తెరచాప నౌకపై బయలుదేరి, 2018 మేలో భూమిని చుట్టివచ్చిన ఆరుగురు నౌకాదళ స్త్రీలలో విశాఖపట్నపు పి. స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు.

మన తీరపు కెరటములు తొలిపాఠమునకు తగినవి కావు. తాటిపూడివంటి జలాశయమైనచో, అనుమతి పొంది, శిక్షకుని, రక్షక పడవను పెట్టుకొని, రెండు మూడు ఆప్టిమిస్టులతో ఆరంభింపవచ్చును. తెరచాప పడవ మంచినీటిలో నూనె చుక్కయైన వదలదు. అంతకుముందు గ్రంథాలయము చేయదగిన పని యొకటి కలదు. తెప్ప నడిపిన వృద్ధులు గాలులకు పెట్టుకొన్న పేర్లు, మబ్బును చూచి వారు చెప్పు గురుతులు ఏ పుస్తకమునను వెదకి పట్టుట సులభము కాదు. ఒక నోటుబుక్కుతో ఇద్దరు యువకులు ఒక సాయంకాలము రేవునకు పోయినచో ఆ పని మొదలగును.