అరిగిన రూపాయి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇంజనీరుని కాబట్టి వంతెనల గురించో కాలువల గురించో చెబుతాననుకుంటున్నారేమో. ఈ రోజు నా జేబులో ఉన్న రెండు పాత వెండి రూపాయల గురించి చెబుతాను.

మా నాయనమ్మ దగ్గర ఇలాంటివి ఇరవై రెండు ఉండేవి. తన పెళ్ళినాటివి. పాతగుడ్డలో మూటకట్టి దాచేది. కొత్తమ్మ తల్లి జాతరకు ఒకసారి బయటికి తీసి, లెక్కపెట్టుకుని, మళ్ళీ కట్టేసేది. 1986లో నాకు ఇంజనీరింగు సీటు వచ్చినప్పుడు ఇరవై అమ్మాం. నాన్నతో నేనూ వెళ్ళాను. కొట్టాయన అన్నీ త్రాసులో పోసి తూచి, "కల్తీ ఉంది, అరిగిపోయాయి కూడా" అని బరువులో ఆరో వంతు తరుగు తీశాడు. నాన్న మారు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

మాట్లాడి ఉండాల్సింది. అంతకు మూడు నాలుగేళ్ళ ముందే మన సైన్సు మాస్టారు ఇదే స్కూల్లో ఆర్కిమెడీస్ సూత్రం చెప్పారు. నాణెం అరిగితే బరువు తగ్గుతుంది. ఆ తగ్గుదల త్రాసులోనే తేలిపోతుంది. తూచాక అరుగుదలకు మళ్ళీ తరుగు ఏమిటి? ఇక కల్తీ సంగతి. 1940కి ముందు రూపాయి బరువు 11.66 గ్రాములు. పెద్దలు 'తులం' అన్నది ఈ రూపాయి ఎత్తునే. అందులో పన్నెండింట పదకొండు పాళ్ళు, అంటే సుమారు 10.69 గ్రాములు, స్వచ్ఛమైన వెండి. మిగతాది రాగి. న్యాయంగా తీయాల్సింది పన్నెండో వంతు, కరిగింపు ఖర్చు. అంతే.

ఉద్యోగంలో చేరాక, పోయిన ఇరవైనీ మళ్ళీ సంపాదించాలని పంతం పట్టాను. మొదట కొన్న ఆరింటిలో రెండు నకిలీవి. అప్పుడు మాస్టారు గుర్తొచ్చారు. మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు చాలు. ముందు నాణెం తూచండి. తరువాత నీళ్ళ గ్లాసును త్రాసు మీద పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని దారంతో కట్టి, అడుగుకు తగలకుండా నీళ్ళలో వేలాడదీయండి. మొదటి బరువును ఇప్పుడు కనిపించే అంకెతో భాగిస్తే వచ్చేది సాంద్రత. మంచి పాత రూపాయికి 10.3 దగ్గర వస్తుంది. నా నకిలీలకు 8.6 వచ్చింది. ఎంత అరిగినా బరువు తగ్గుతుంది గాని సాంద్రత మారదు.

యుద్ధకాలంలో, 1940 నుంచి, రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. 1947కి వెండి పూర్తిగా పోయి నికెల్ వచ్చింది. కాబట్టి కొనేముందు సంవత్సరం చూడండి. అయితే పాతదైనంత మాత్రాన అరుదైనది కాదు. విక్టోరియా రాణి బొమ్మతో 1862 అని ఉన్నవి ఆ ఒక్క ఏడే కొట్టినవి కావు, తరువాత కొన్నేళ్ళు అదే అంకెతో కొట్టారు. 1911 జార్జి రూపాయి మీద ఏనుగు పందిలా ఉందని అభ్యంతరాలొచ్చి, మరుసటి ఏడు బొమ్మ మార్చారు. అలాంటివాటిని సేకరించేవాళ్ళు వెతుకుతారు. మిగతా అరిగిన నాణేలకు వెండి ధర, దాని మీద కొంచెం. ఆ కొంచెం కూడా నేను పోగొట్టుకున్నాను. మిగిలిన ఈ రెంటిలో ఒకదాన్ని చింతపండు, పళ్ళపొడితో తళతళలాడేలా తోమాను. పైన పట్టిన నల్లటి పొర నాణేనికి కాపుదల. అది పోతే సేకరించేవాడు ముట్టుకోడు.

పెట్టుబడిగా కొనవచ్చా అని చాలామంది అడుగుతారు. వెండికి వడ్డీ రాదు. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా ఎక్కువ. కనక పిల్లల చదువుకో పెళ్ళికో దాచిన డబ్బు ఇందులో పెట్టకండి. ఇష్టం ఉంటే మిగులు డబ్బుతో కొనండి. విదేశాల నుంచి వచ్చిన మిత్రులకు ఒక మాట. నూరేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. జ్ఞాపకంగా ఉంటుందని సూట్‌కేసులో పెట్టుకుని పోవడానికి వీల్లేదు.

ఇప్పటికి పదిహేడు సంపాదించాను. అవేవీ నాయనమ్మవి కావు. అమ్మిన రోజు రాత్రి నేను దిగులుగా ఉంటే ఆవిడ అంది: "ఎండి ఎక్కడికీ పోదు బాబూ. సదువు ఇప్పుడు పోతే మళ్ళీ రాదు." తరుగు విషయంలో మేం మోసపోయాం, నిజమే. కాని ఆ ఇరవై రూపాయలను అంతకన్నా మంచి చోట ఎవరూ పెట్టలేరు. ఆ చోటు ఈ స్కూలు చూపించిందే.

అందుకే నేను పాడుచేసిన ఈ రూపాయిని, ఒక చిన్న త్రాసుతో పాటు, మన స్కూలు ల్యాబుకు ఇస్తున్నాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా దీన్ని నీళ్ళలో తూచి చూడాలి. రేపు వాళ్ళ ఇంట్లోంచి ఎవరైనా ఏ కొట్టుకైనా వెళ్తే, పక్కన నిలబడ్డ పిల్లవాడు నాలా నోరు మూసుకుని ఉండకూడదు.

రెండోది మాత్రం నా దగ్గరే ఉంటుంది. దాన్ని తోమలేదు.